నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌తో కారు నడుస్తుందా? నడిస్తే ఆ శక్తి ఎక్కడిది?

కొవ్వూరు ట్యాక్సీ

సభ్యులందరికీ నమస్కారం. నాకొక డీజిల్ కారు ఉంది. కొవ్వూరు, రాజమహేంద్రవరం మధ్యా, అప్పుడప్పుడు విశాఖ వరకూ కిరాయికి తిప్పుతాను. మా ప్రాంతంలో ఒక దుకాణంవారు బానెట్ కింద చిన్న డబ్బా బిగించి, అందులో నీళ్లూ కొద్దిగా తెల్లటి పొడీ వేస్తే, బ్యాటరీ కరెంటుతో ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ ఇంజిన్‌లోకి వెళ్తుందనీ, లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే బండి 25 దాకా ఇస్తుందనీ చెబుతున్నారు. దీన్ని హెచ్‌హెచ్‌ఓ కిట్ అంటున్నారు. నేను సందేహం వెలిబుచ్చితే, "గడ్కరీ గారు హైడ్రోజన్ కారులో పార్లమెంటుకు వెళ్లలేదా, పూడిమడకలో నీటి నుంచి ఇంధనం తీసే ప్రాజెక్టుకు ప్రధానే శంకుస్థాపన చేయలేదా" అని ఎదురు ప్రశ్న వేశారు. నాకు జవాబు తోచలేదు. ఆ డబ్బాకూ, గడ్కరీ గారి కారుకూ, పూడిమడకకూ సంబంధం ఉందా లేదా అన్నది తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

భీమవరం మాస్టారు

మంచి ప్రశ్న వేశారు. మూడింటిలోనూ జరిగే రసాయన చర్య ఒకటే, కానీ మూడింటి లెక్కలు వేరు. ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి మండిపోయిన తరువాత మిగిలేదే నీరు. కనుక నీటిని ఇంధనం అనుకోవడం పొయ్యిలోని బూడిదను మళ్లీ రాజేయాలని చూడడం లాంటిది.

నీటిని కరెంటుతో విడగొట్టవచ్చునని 1800లోనే నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో చేసి చూపించారు. అందులో రహస్యమేమీ లేదు, మా కళాశాల ప్రయోగశాలలో ఇంటర్ పిల్లలు కూడా చేసేవారు. 18 గ్రాముల నీటిని విడగొట్టడానికి 286 కిలోజౌళ్ల శక్తి కావాలి. అలా వచ్చిన 2 గ్రాముల హైడ్రోజన్‌ను మండిస్తే తిరిగి వచ్చేది కూడా ఆ 286 కిలోజౌళ్లే, అది కూడా ఒక్క చుక్క వేడి వృథా కాకపోతే. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే, కిలో హైడ్రోజన్‌లో ఉన్న మొత్తం శక్తి 39 యూనిట్ల పైచిలుకు కాగా, దాన్ని తయారు చేయడానికి నేటి మంచి యంత్రాలకు 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. ఎలక్ట్రోడ్లను మెరుగుపరచి, ఉత్ప్రేరకాలు మార్చి ఆ 55ను కొంత తగ్గించవచ్చు గానీ, పెట్టినదానికన్నా ఎక్కువ రాబట్టడం ఏ ఉత్ప్రేరకం వల్లా కాదు. ఉత్ప్రేరకం చర్యను త్వరపెడుతుందే తప్ప రెండు చివరల మధ్య ఉన్న శక్తి తేడాను మార్చలేదు.

కాబట్టి అడగవలసిన ప్రశ్న "నీటి నుంచి వస్తుందా" అన్నది కాదు, "విడగొట్టే కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది" అన్నది. మీ డబ్బాకు ఆ కరెంటు మీ డీజిలే ఇస్తుంది.

బెజవాడ ఆటోనగర్

మాస్టారు చెప్పినదానికి నేను బండి లెక్క జోడిస్తాను. నేను ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఈ కిట్లు బిగించమని అడిగేవారు మా దగ్గరకూ వస్తుంటారు.

ఇటువంటి డబ్బా సాధారణంగా 14 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు లాగుతుంది, అంటే 280 వాట్లు. లోపల ఆరు సెల్స్ వరుసగా ఉన్నాయనుకుంటే, ఫారడే సూత్రం ప్రకారం గంటకు సుమారు నాలుగున్నర గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. గ్రాముల్లో చెబితే ఎవరూ కొనరు కాబట్టి లీటర్లలో చెబుతారు, ఎందుకంటే అదే వాయువు 50 లీటర్ల పరిమాణం ఉంటుంది, గొట్టంలో బుడగలు కూడా దండిగా కనిపిస్తాయి. కానీ ఆ నాలుగున్నర గ్రాముల్లో ఉన్న ఉపయోగపడే శక్తి 150 వాట్ అవర్లు మాత్రమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మీ బండి ఆ గంటలో సుమారు 3.3 లీటర్ల డీజిల్ తాగుతుంది, అందులో 33 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే డబ్బా ఇచ్చేది మొత్తంలో అర శాతం కూడా కాదు.

ఇక ఖర్చు వైపు చూడండి. ఆ 280 వాట్లు ఆల్టర్నేటర్ నుంచి రావాలి. ఆల్టర్నేటర్ సామర్థ్యం 60 శాతం, డీజిల్ ఇంజిన్ సామర్థ్యం 30 శాతం అనుకుంటే, ఆ కరెంటు కోసం గంటకు దాదాపు 1,550 వాట్ అవర్ల డీజిల్ మండుతుంది. పదిహేను వందలు పోసి నూట యాభై తెచ్చుకునే బేరం ఇది.

స్వదేశీ సాంకేతికం

లెక్కలు బాగానే ఉన్నాయి కానీ, మీరంతా మామూలు విద్యుద్విశ్లేషణ, అంటే కరెంటుతో నీటిని విడగొట్టే పద్ధతి గురించి మాట్లాడుతున్నారు. అమెరికాలో స్టాన్లీ మేయర్ అనే ఆవిష్కర్త హెచ్చు వోల్టేజీని ఆగి ఆగి పంపుతూ, అతి తక్కువ కరెంటుతో నీటిని విడగొట్టి బగ్గీ నడిపి చూపించాడు. ఆయనకు పేటెంట్లు కూడా ఇచ్చారు. 1998లో హోటల్లో భోజనం చేస్తూ హఠాత్తుగా చనిపోయాడు. ఇంధన కంపెనీల లాభాలకు అడ్డుపడే ఆవిష్కరణలను ఎవరు బతకనిస్తారు? మన దేశంలో కూడా ఇలాంటివి తొక్కిపెట్టి ఉంటారని నా నమ్మకం.

భీమవరం మాస్టారు

మేయర్ కథలో సగమే ప్రచారంలో ఉంది. ఆయన మీద ఇద్దరు పెట్టుబడిదారులు వేసిన దావాలో, 1996లో ఒహాయో న్యాయస్థానం నిపుణుల చేత ఆ పరికరాన్ని పరీక్షింపజేసింది. అందులో మామూలు విద్యుద్విశ్లేషణ తప్ప కొత్తదేమీ లేదని వారు చెప్పగా, మేయర్ చేసినది తీవ్రమైన మోసమని న్యాయస్థానం తేల్చి, వారి 25 వేల డాలర్లు తిరిగి ఇమ్మని ఆదేశించింది. ఆయన మరణానికి మెదడులోని రక్తనాళం చిట్లడమే కారణమని అక్కడి అధికారులు నిర్ధారించారు. పేటెంటు అంటే పరికరం పని చేస్తుందన్న ధ్రువపత్రం కాదు. ఆ పేటెంట్ల గడువు ఏనాడో తీరిపోయింది, వాటిలోని వివరాలు ఎవరైనా చదివి తయారు చేసుకోవచ్చు. ఇన్నేళ్లలో చమురు దిగుమతుల భారంతో నలుగుతున్న ఏ దేశమూ, పెట్రోలు అమ్ముకోని ఏ కంపెనీ కూడా దాన్ని నడిపించలేకపోయిందంటే, తొక్కిపెట్టడానికి అందులో సరుకే లేదన్నమాట.

మన పొరుగున తమిళనాడులో రామర్ పిళ్లై ఉదంతం గుర్తున్నవారు ఇక్కడ ఉండే ఉంటారు. 1996లో నీళ్లలో ఆకులు మరిగించి పెట్రోలు తీస్తానంటే పత్రికలూ, పెద్ద పెద్ద నాయకులూ నమ్మారు. చివరికి 2016లో చెన్నై న్యాయస్థానం ఆయనకు మూడేళ్ల శిక్ష విధించింది. 2012లో పాకిస్తాన్‌లో ఆగా వకార్ అనే ఇంజినీరు ఇటువంటి నీటి కిట్టునే చూపిస్తే మంత్రులు చప్పట్లు కొట్టారు, శాస్త్రవేత్త అతా ఉర్ రహ్మాన్ వంటివారు మాత్రం శక్తి నియమం గుర్తు చేశారు. వేదికలూ దేశాలూ మారినా వాదన మారదు, అది నాకు విసుగు పుట్టించే సంగతి.

కొవ్వూరు ట్యాక్సీ

మాస్టారూ, వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. అయితే ఈ కిట్టు బిగించుకున్న డ్రైవర్లు ఇద్దరు నాకు తెలుసు. మైలేజీ పెరిగిందని వారే చెబుతున్నారు, వారికి అబద్ధం చెప్పవలసిన అవసరం లేదు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

బెజవాడ ఆటోనగర్

వారు అబద్ధం చెప్పడం లేదండి. కిట్టు బిగించేటప్పుడు దుకాణంవారు ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు, టైర్లలో గాలి సరిచేస్తారు, "మొదటి నెల నెమ్మదిగా నడపండి" అని కూడా చెబుతారు. డబ్బు పెట్టిన మనిషి మీటర్ వైపు చూస్తూ యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా వేస్తాడు. ఈ నాలుగింటికే లీటరుకు రెండు కిలోమీటర్లు తేలికగా పెరుగుతాయి. పెట్రోలు బండ్లలో కొందరు ఆక్సిజన్ సెన్సర్ సంకేతాన్ని మార్చే చిన్న సర్క్యూట్ కూడా పెట్టి, ఇంజిన్‌కు ఇంధనం తగ్గించి పంపుతారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఆ తరువాత వాల్వులు కాలిపోయి మా దగ్గరకు వస్తాయి.

నిజంగా తేల్చుకోవాలంటే ఒక మార్గం ఉంది. డబ్బాకు వెళ్లే కరెంటును మీకు తెలియకుండా మరొకరు కొన్ని రోజులు ఆపి, కొన్ని రోజులు ఇచ్చి, అదే రూటులో ప్రతిసారీ ట్యాంకు నిండా కొట్టించి లెక్క రాయాలి. దుకాణంవారిని ముందే ఈ పరీక్షకు ఒప్పుకోమనండి.

ఇంకో రెండు మాటలు. ఆ తెల్లటి పొడి చాలా వరకు కాస్టిక్ పొటాష్ అయి ఉంటుంది, కంట్లో పడితే చూపు పోతుంది. డబ్బాలోంచి వచ్చేది హైడ్రోజన్ ఒక్కటే కాదు, సరిగ్గా మండే పాళ్లలో ఆక్సిజన్ కూడా కలిసే వస్తుంది. ఇంజిన్ నుంచి మంట వెనక్కి తన్నితే డబ్బా బానెట్ కిందే పేలుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండిలో ఇటువంటి మార్పు చేయకూడదు కనుక, ఏదైనా జరిగితే బీమా కంపెనీకి మీరే సాకు అందించినవారవుతారు.

స్వదేశీ సాంకేతికం

మేయర్ సంగతి పక్కన పెడదాం. కొద్దిగా హైడ్రోజన్ కలిపితే ఇంజిన్‌లో ఇంధనం మెరుగ్గా మండుతుందని విశ్వవిద్యాలయాల పరిశోధనలే ఉన్నాయి. దానికేమంటారు?

విశాఖ ప్లాంట్

ఆ పరిశోధనలు నిజమే. హైడ్రోజన్ జ్వాల వేగంగా పాకుతుంది కాబట్టి, గాలి ఎక్కువగా ఉన్న పలుచని మిశ్రమాన్ని కూడా ఆరిపోకుండా మండించగలదు. అయితే అక్కడ కలిపే హైడ్రోజన్ మొత్తం ఇంధన శక్తిలో పలు శాతాలు ఉంటుంది, సిలిండర్ నుంచి వస్తుంది, ఇంజిన్‌ను కూడా దానికి తగినట్టు సరిదిద్దుతారు. అర శాతం కూడా లేని డబ్బాకు ఆ ఫలితాన్ని అంటగట్టడం సరికాదు.

నేను హైడ్రోజన్‌తో రోజూ పని చేసే పరిశ్రమలో ఉన్నాను కనుక, కొవ్వూరు మిత్రుని రెండవ ప్రశ్నకు వస్తాను. 2022 మార్చి 30న గడ్కరీ గారు పార్లమెంటుకు వెళ్లిన టయోటా మిరాయ్ కారులో నీళ్ల డబ్బా లేదు. బయట తయారైన హైడ్రోజన్‌ను 700 బార్ల (మామూలు గాలి పీడనానికి దాదాపు 700 రెట్ల) పీడనంతో నింపుకునే కార్బన్ ఫైబర్ ట్యాంకులున్నాయి, వాటిలో 5.6 కిలోలు పడుతుంది. ఫ్యూయల్ సెల్‌లో ఆ వాయువు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు మోటారును తిప్పుతుంది, వెనుక గొట్టం నుంచి నీరు కారుతుంది. నీరు ఈ కారులోంచి బయటకు వచ్చేదే గానీ లోపలికి పోసేది కాదు. కిలోకు 100 కిలోమీటర్లు సులభంగా వెళ్తుంది, అందులో సందేహం లేదు.

చిక్కంతా ఆ కిలో తయారై కారులోకి ఎక్కేదాకా ఉన్న దారిలో ఉంది. మామూలు గాలి పీడనం దగ్గర కిలో హైడ్రోజన్ 11 ఘనమీటర్ల చోటు ఆక్రమిస్తుంది, దాన్ని 25 లీటర్లలోకి కుదించాలి. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ పైదశకు ఇస్రో వాడేది అలాంటి ద్రవ హైడ్రోజనే, కానీ రాకెట్ నింపిన కొన్ని గంటల్లో ఎగిరిపోతుంది, కారు ఇంటి ముందు రోజుల తరబడి నిలబడుతుంది. 2006లో బీఎండబ్ల్యూ ద్రవ హైడ్రోజన్‌తో తెచ్చిన కారులో, బండి కదలకుండా ఉంటే ట్యాంకులోని ఇంధనం దానంతటదే ఆవిరై పోయేది. హైడ్రోజన్ అణువు చిన్నది, సందు దొరికితే చాలు కారిపోతుంది, కొన్ని రకాల ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు ఏ పాలులో ఉన్నా అంటుకుంటుంది, పగటి వెలుగులో ఆ మంట కంటికి దాదాపు కనిపించదు. మా ప్లాంటులో దీన్ని క్షేమంగానే వాడుతున్నాం, కానీ మా దగ్గర కంచె ఉంది, సెన్సర్లున్నాయి, శిక్షణ పొందినవారున్నారు.

ఇంకో సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. నేడు మన దేశంలో వాడే లక్షల టన్నుల హైడ్రోజన్ దాదాపు మొత్తం సహజవాయువు వంటి శిలాజ ఇంధనాల నుంచే వస్తుంది, ఎరువుల కర్మాగారాలకూ రిఫైనరీలకూ పోతుంది. అలా తీసిన ప్రతి కిలోకు 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది చెడ్డదని మన గ్రిడ్ కరెంటుతో నీటిని విడగొడితే ఏమవుతుందో చూడండి. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 55 యూనిట్లకు 38 కిలోలు దాటుతుంది. బొగ్గు కరెంటుతో నీటి నుంచి తీసిన హైడ్రోజన్ గ్యాసు నుంచి తీసినదానికన్నా నాలుగు రెట్లు మురికి.

శాక్రమెంటో తెలుగు

నేను కాలిఫోర్నియాలో హైడ్రోజన్ కారు నడిపినవాడిని కాబట్టి వినియోగదారుని వైపు నుంచి చెబుతాను. కారు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు, చప్పుడు లేదు, ఐదు నిమిషాల్లో నిండేది. కంపెనీవారు 15 వేల డాలర్ల ఇంధన కార్డు ఇవ్వడంతో మొదట్లో ధర పట్టించుకోలేదు. 2023 చివరికి కిలో ధర 36 డాలర్ల దాకా వెళ్లింది, అంటే ట్యాంకు నింపడానికి 200 డాలర్లు. మా దగ్గరి స్టేషన్ తరచూ మూతపడేది, తెరిచి ఉన్నప్పుడు ముందు ముగ్గురు నింపుకుంటే గొట్టం కొన మంచు పట్టి బండికి అతుక్కునేది. 2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థ ఈ రాష్ట్రంలో కార్ల కోసం పెట్టిన తన హైడ్రోజన్ స్టేషన్లను మూసివేసింది. ఇప్పుడు నేను బ్యాటరీ కారు వాడుతున్నాను. పాత కారును అమ్మబోతే వచ్చిన ధర ఇక్కడ రాయడానికి మనసొప్పడం లేదు.

ఓరుగల్లు సోలార్

మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది, రోజుకు 12 యూనిట్ల దాకా వస్తుంది. ఎండ ఉచితం కదా, దానితో ఇంట్లోనే హైడ్రోజన్ తయారు చేసి కారుకు నింపుకుంటే ఈ బొగ్గు సమస్యా, ధర సమస్యా రెండూ తీరవా?

విశాఖ ప్లాంట్

బొగ్గు సమస్య తీరుతుంది, మిగతావి తీరవు. విడగొట్టడానికి 55, కుదించడానికి మరో 5 కలిపి కిలోకు 60 యూనిట్లు వేసుకోండి. మీ పైకప్పు ఐదు రోజులు పని చేస్తే ఒక కిలో వస్తుంది, దానితో 100 కిలోమీటర్లు వెళ్తారు. అవే 60 యూనిట్లను బ్యాటరీ కారుకు ఎక్కిస్తే 350 కిలోమీటర్లు వెళ్తారు. మధ్యలో పోయిన 250 కిలోమీటర్లు విడగొట్టే యంత్రంలో, కంప్రెసర్‌లో, ఫ్యూయల్ సెల్‌లో వేడిగా పోయాయి. ఎండ ఉచితమే గానీ పలకలు ఉచితం కావు, పైగా ఇంటి మీద 700 బార్ల కంప్రెసర్ పెట్టుకోవడానికి ఏ అధికారీ అనుమతి ఇవ్వడు, నేనైతే ఆ వీధిలో ఇల్లు కొనను.

అచ్యుతాపురం వాసి

పూడిమడక మా మండలంలోనిదే. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన ఎన్‌టీపీసీ ప్రాజెక్టులో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీస్తామన్నారు, పెట్టుబడి 1 లక్షా 85 వేల కోట్లు అన్నారు. మా ఊళ్లలో అందరి భయమూ నీటి గురించే. తాగునీటికే కటకటలాడే చోట ఇంత నీటిని విడగొడితే మా సంగతేమిటి? ఆ హైడ్రోజన్ కార్ల కోసమేనా?

భీమవరం మాస్టారు

మీ భయం సహజం, కానీ లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కిలో హైడ్రోజన్‌కు సూత్రం ప్రకారం 9 లీటర్ల నీరు కావాలి. 1,500 టన్నులకు రోజుకు 1 కోటీ 35 లక్షల లీటర్లు, శుద్ధిలోనూ చల్లబరచడంలోనూ పోయేది కలిపితే అంతకు మరికొంత. ఇది చిన్న పరిమాణం కాదు, మంచినీటి వనరుల నుంచి తీస్తే ఊళ్లకు తప్పక దెబ్బే. అయితే సముద్రపు నీటిలో ఉప్పు తీయడానికి ఘనమీటరుకు 3, 4 యూనిట్లు చాలు, ఆ ఘనమీటరు నుంచి వంద కిలోలకు పైగా హైడ్రోజన్ వస్తుంది. అంటే కిలోకు 55 యూనిట్ల ఖర్చులో సముద్రపు నీటిని శుద్ధి చేసే వాటా యూనిట్‌లో ఇరవయ్యో వంతు కూడా లేదు. కాబట్టి సముద్రం పక్కన కూర్చుని మంచినీరు అడిగే హక్కు ఏ ప్రాజెక్టుకూ లేదు, ఆ సంగతి ప్రజాభిప్రాయ సేకరణలో మీరు గట్టిగానే అడగవచ్చు. శుద్ధి చేయగా మిగిలే చిక్కటి ఉప్పునీటిని సముద్రంలో ఎక్కడ కలుపుతారో కూడా అడగండి, మత్స్యకారులకు అది ముఖ్యం.

కరెంటు సంగతి మాత్రం వేరు. 1,500 టన్నులకు రోజుకు 8 కోట్ల యూనిట్లు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్ మొత్తం రోజువారీ వాడకం 20 కోట్ల యూనిట్ల పైన ఉంటుంది. అందుకే ఆ ప్రాజెక్టుతో పాటు 20 గిగావాట్ల సౌర, పవన విద్యుత్తు మాట కూడా చెప్పారు.

విశాఖ ప్లాంట్

ఆ హైడ్రోజన్ కార్ల కోసం కాదు. అక్కడ దాన్ని మిథనాల్, యూరియా, విమాన ఇంధనం వంటివిగా మారుస్తామని ప్రకటించారు. కాకినాడలో ఏఎం గ్రీన్ అనే కంపెనీ తలపెట్టింది కూడా అమ్మోనియాయే. ఎరువుకు హైడ్రోజన్ తప్పనిసరి, అక్కడ బ్యాటరీ పనికిరాదు. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యంగా పెట్టుకుంది. అందులోని ప్రతి కిలో ముందుగా ఎరువుల్లోని సహజవాయువును తప్పించాలన్నది నా అభిప్రాయం.

శాక్రమెంటో తెలుగు

లారీలకు, బస్సులకు పనికి వస్తుందని ఇక్కడ ఇంకా వాదిస్తున్నారు. భారతదేశంలో ఆ ప్రయత్నం ఉందా?

విశాఖ ప్లాంట్

ఉంది. 2025 మార్చిలో కేంద్రం 37 బస్సులు, లారీలతో, 9 ఇంధన కేంద్రాలతో ప్రయోగాత్మక ప్రాజెక్టులు ప్రకటించింది. ఆ బండ్లు తిరిగే పది రూట్లలో 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖపట్నం, బయ్యవరం మధ్య దారి ఒకటి. వాటిలో 15 మాత్రమే ఫ్యూయల్ సెల్ బండ్లు, మిగిలిన 22 హైడ్రోజన్‌ను నేరుగా ఇంజిన్‌లో మండించేవి. బరువు దృష్ట్యా ఇందులో తర్కం ఉంది. పెద్ద లారీ 500 కిలోమీటర్లు ఆగకుండా పోవాలంటే బ్యాటరీలే నాలుగైదు టన్నులు తూగుతాయి, అదే దూరానికి హైడ్రోజన్ ట్యాంకులు టన్ను లోపే.

ఓరుగల్లు సోలార్

లారీ డ్రైవర్ ఎలాగూ భోజనానికీ నిద్రకూ ఆగుతాడు. ఆ సమయంలో చార్జింగ్ పెట్టుకుంటే 500 కిలోమీటర్ల బ్యాటరీ ఎందుకు? మీరు ఇందాక నాకు చెప్పిన మూడున్నర రెట్ల తేడా లారీకి మాత్రం వర్తించదా?

విశాఖ ప్లాంట్

వర్తిస్తుంది. దాబా దగ్గర అరగంటలో చార్జింగ్ కావాలంటే ఒక్కో లారీకి మెగావాట్ స్థాయి కనెక్షన్ కావాలి, పది లారీలు ఒకేసారి ఆగితే ఆ దాబాకు సబ్‌స్టేషన్ కావాలి. హైడ్రోజన్ పైచేయి సాధించగలిగేది అక్కడే. అది కూడా ఆ హైడ్రోజన్ పక్కనే చవకగా తయారవుతుంటేనే, ట్యాంకర్లలో వందల కిలోమీటర్లు తేవలసి వస్తే కాదు. విశాఖ, బయ్యవరం రూటులో కిలోకు ఎన్ని టన్ను-కిలోమీటర్లు వచ్చాయో, స్టేషన్ ఎన్ని రోజులు పని చేసిందో లెక్కలు బయటపెడితే, మనం ఇక్కడ అంచనాలతో వాదించుకోవలసిన పని ఉండదు.

కొవ్వూరు ట్యాక్సీ

నేను దుకాణానికి వెళ్లి, ఆటోనగర్ మిత్రుడు చెప్పిన పద్ధతిలో కరెంటు ఆపి, ఇచ్చి పరీక్షిద్దామన్నాను. డబ్బు ముందు కడితేనే బిగిస్తామన్నారు, బిగించాక ఇంధనం తగ్గకపోతే తిరిగి ఇచ్చే షరతు కాగితం మీద రాయడానికి మాత్రం ఒప్పుకోలేదు. నేను ఎయిర్ ఫిల్టర్ మార్పించి, టైర్లలో గాలి కొట్టించుకుని వచ్చాను.